చలికాలమున దీర్ఘరోగులగు రైతులు తెలిసికొనవలసిన సంగతులు

చలికాలము రైతునకు విశ్రాంతికాలము కాదు. ఒకవైపు వరికుప్పలు నూర్చవలెను. వేరొకవైపు రెండవ పంటకు నీరు పెట్టవలెను. చీకటితోనే లేచి పాలు పిదికి కేంద్రమునకు చేర్పవలెను. నీటివంతు నడిరేయి వచ్చినను గట్టుమీదికి పోక తప్పదు. ఒడలు బాగుగనున్నవానికి ఇది అలవాటైన పనియే. కాని రక్తపుపోటు, గుండెజబ్బు, ఉబ్బసము, మధుమేహము, కీళ్లవాతము మొదలగు దీర్ఘరోగములు గలవారికి ఈ నెలలు గడ్డుకాలము. ఇట్టివారు లేని వీధి నేడు మన యూళ్లలో లేదు. వారికొరకును, వారి యింటివారికొరకును ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

“మనది ఎండలదేశము, మన చలి మనుష్యులను చంపునా?” యని కొందరందురు. లంబసింగి మన్యమునందును, ఆదిలాబాదు ప్రాంతమునందును పడు చలివంటిది కృష్ణా గోదావరీ తీరములలో లేదన్నమాట నిజమే. అయినను, మన దేశములోని మరణములను పరిశీలించి 2018వ సంవత్సరమున ప్రకటింపబడిన ఒక పరిశోధనలో, గడ్డకట్టించు చలికంటె ఓమోస్తరు చలియే ఎక్కువ ప్రాణములను గొనుచున్నట్లు తేలినది. కారణము స్పష్టమే. తీవ్రమైన చలిదినములు కొలదియే. ఓమోస్తరు చలిదినములు అనేకములు. పైగా వేసవిలో 40 డిగ్రీలు దాటిన యెండకు అలవాటుపడిన దేహములు మనవి. గాలి యాడుటకు కట్టుకొన్న యిండ్లు మనవి. కావున “ఇది యొక చలియా” యని తేలికగా చూడరాదు.

చలి దేహమున చేయు పని రైతునకు కాలువ యుపమానముచే సులభముగా బోధపడును. తూములు మూసినప్పుడు కాలువలో నీటిమట్టము పెరుగును గదా! అట్లే చలి తగిలినప్పుడు, లోపలి వేడిమి పోకుండుటకై చర్మమునందలి రక్తనాళములు ముడుచుకొనును. అందువలన రక్తపుపోటు పెరుగును. గుండె మరింత బలముగా పనిచేయవలసివచ్చును. అసలే తెల్లవారుజామున నిద్ర లేచు వేళ అందరికిని రక్తపుపోటు కొంత పెరుగుట సహజము. దానికి చలియును, పాలక్యాను మోయుటవంటి బరువుపనియును తోడైనచో బలహీనమైన గుండెకు మూడు బరువులు ఒక్కసారి పడినట్లగును. గుండెపోటును, పక్షవాతమును చలికాలమున ఎక్కువగుటకు ఇదియొక ముఖ్యకారణము.

కావున ఇట్టి రోగము గలవారు మెలకువ రాగానే దిగ్గున లేవక, పడకపై కొంతసేపు కూర్చుండి లేవవలెను. తలయు, చెవులును, ఛాతియు కప్పుకొనక వెలుపలికి రారాదు. బరువుపని ప్రొద్దెక్కిన పిమ్మట పెట్టుకొనవలెను. కార్తీకస్నానములకును, ధనుర్మాసపు స్నానములకును చీకటిలో చన్నీట మునుగుట గుండెజబ్బువారికి అపాయము. ప్రొద్దుపొడిచిన తరువాత గోరువెచ్చని నీట స్నానము చేసి దీపము పెట్టినను భక్తికి లోపము రాదు. చలికి విరుగుడని సారాయి త్రాగుట వట్టి భ్రమ. అది చర్మపు నాళములను తెరచి వెచ్చగానున్నట్లు తోపించును గాని, లోపలి వేడిమిని వెలుపలికి పోగొట్టును.

అన్నిటికంటె పెద్ద తప్పు మందు మానుట. “తలనొప్పి లేదు, కావున మాత్ర మానితిని” అనువారిని మేము తరచుగా వినుచున్నాము. రక్తపుపోటు నొప్పి పెట్టి చెప్పి వచ్చు రోగము కాదు. చలి మొదలుకాగానే ప్రాథమిక ఆరోగ్యకేంద్రములో ఒకసారి పోటు కొలిపించుకొనవలెను. మాత్ర పెంచుటయో తగ్గించుటయో వైద్యుడే చెప్పవలెను. రక్తపుపోటునకును, మధుమేహమునకును మాత్రలు ప్రభుత్వ కేంద్రములలో ఉచితముగా నిచ్చుచున్నారు. కోతలు, నూర్పిళ్లు అని ఆ తేదీని దాటవేయరాదు. ఛాతిలో పట్టివేసినట్లుండి నొప్పి చేతికో దవడకో ప్రాకినను, చలిలో చెమటలు పోసినను, మూతి వంకరపోయినను, ఒక చేయి పడిపోయినను, మాట తడబడినను, తెల్లవారనిమ్మని చూడక వెంటనే 108కి ఫోను చేయవలెను. పక్షవాతమున నాళములోని గడ్డను కరగించు మందు, లక్షణములు కనబడిన నాలుగున్నర గంటలలోపుననే యీయవలసియుండును. ఆలోగా అట్టి చికిత్స గల ఆసుపత్రికి చేరవలెను.

ఇక ఉబ్బసము. చల్లని పొడిగాలి ఊపిరిగొట్టములను ముడుచుకొనునట్లు చేయును. నూర్పిడి దుమ్మును, గడ్డి తగులబెట్టిన పొగయు దానికి తోడగును. చలిరాత్రులలో పొగ పైకి పోక నేలబారుగా నిలిచియుండును. ఉబ్బసము గలవారు నూర్పిడి నితరులకు విడుచుట మేలు. తప్పనిచో ముక్కునకు, నోటికి గుడ్డ కట్టుకొని, గాలి వచ్చువైపున నిలువవలెను. వైద్యుడు ప్రతిదినము వాడుమన్న ఇన్‌హేలరును ఆయాసము లేని దినమున గూడ వాడవలెను. అది వ్యసనమగునను భయము నిరాధారము. వాడిన పిమ్మట నోరు పుక్కిలించిన చాలును. భోగిమంటకు వీరు దూరముగా నుండవలెను. ఆ మంటలో పాతటైర్లను, ప్లాస్టిక్కును వేయువారు ఇరుగుపొరుగు ఊపిరికి కీడు చేయుచున్నారని గ్రహింపవలెను.

కుంపటి విషయమున ఒక హెచ్చరిక. తలుపులు బిగించుకొని గదిలో బొగ్గులకుంపటి పెట్టుకొని నిద్రించుట ప్రాణాంతకము. దానినుండి కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రించువానికి మెలకువయే రాకపోవచ్చును. దుప్పటిమీద దుప్పటి కప్పుకొనుట మేలు గాని, కుంపటితో గదిలో పండుకొనరాదు.

మధుమేహము చాలకాలముగా నున్నవారికి పాదములలో స్పర్శ తగ్గియుండును. అట్టివారు నెగడుకు కాళ్లు చాపుకొన్నచో కాలినను తెలియదు. కాళ్లు కడుగు వేడినీటిని ముందుగా ఇంటివారు చేతితో చూడవలెను. ప్రతిరాత్రి పాదములను దీపము వెలుతురున పరీక్షించుకొని, పగుళ్లకు నూనె రాయవలెను. వ్రేళ్లసందున మాత్రము తడిగాని నూనెగాని నిలువరాదు. చెప్పులు లేక పొలమునకు పోరాదు. సంక్రాంతి అరిసెలలోనిది బెల్లమే గదా యని మోసపోరాదు. బెల్లమును పంచదారవలెనే రక్తమున చక్కెరను పెంచును.

కీళ్లవాతము గలవారికి ఉదయమున కీళ్లు బిగుసుకొనును. లేయెండలో కూర్చుండి మెల్లగా కాళ్లుచేతులు కదలించుట మంచిది. నువ్వులనూనె మర్దన హాయినిచ్చును గాని వ్యాధిని మాన్పదు. అంగడిలో నొప్పిమాత్రలు కొని వారములతరబడి మ్రింగుట మాత్రము కూడదు. అవి మూత్రపిండములను చెరచును, రక్తపుపోటును పెంచును. దాహము వేయకున్నను వేళకు నీరు త్రాగవలెను. దీర్ఘరోగులు ఏటేట వేయు ఇన్‌ఫ్లూయెంజా టీకానుగూర్చి వైద్యుని అడిగి తెలిసికొనుట మంచిది.

ఇదంతయు చదివి, “చీకటిలో పోక తప్పనిచో ఏమి చేయుదును?” అని ఒంటరి రైతు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. దానికి జవాబు వైద్యునివద్ద లేదు, సంఘమువద్ద కలదు. గుండెజబ్బుగల పెద్దాయన పాలను ప్రక్కయింటి కుఱ్ఱవాడు తన క్యానుతోపాటు కేంద్రమునకు చేర్పవచ్చును. రాత్రివంతు వచ్చిన ఉబ్బసరోగికి పగటివంతుగల పొరుగురైతు తన వంతును మార్చి యీయవచ్చును. పని బదులు పెట్టుకొనుట మన పల్లెలకు క్రొత్త కాదు. నాట్లకును, కోతలకును చేసినదే. అదే బదులు రోగికొరకు రెండు మూడు నెలలు చేయుట కష్టము కాదు. ప్రతి సంఘమును రాబోవు సమావేశమున ఈ వంతులమార్పును ముందుగా చర్చించి నిర్ణయించుకొనవలెనని కోరుచున్నాము. అప్పులిచ్చుటయు, ఎరువులు పంచుటయు మాత్రమే సహకారము కాదు.

శివరాత్రికి చలి శివశివా యని పోవునని పెద్దలందురు. చలితోపాటు మనలో నెవ్వరును పోకుండ చూచుకొనుట మన చేతిలోని పని.