రెండవసారి పిలిచినప్పుడు

(ప్రసంగ పాఠము)

పెద్ద ఉద్యోగమునకు దరఖాస్తు పెట్టుకొనినవారి ఇంటిలో మొదటి ఇంటర్వ్యూ ముగియగానే సగము పండుగ జరుగును. కొన్నాళ్ళకు కంపెనీనుండి "మరియొకసారి వచ్చి మాతో మాట్లాడవలెను" అని కబురు వచ్చినంతనే తక్కిన సగమును జరిగిపోవును. తల్లి కొబ్బరికాయ మ్రొక్కుకొనును. తండ్రి పొరుగువారితో "ఇక ఖాయమైనట్లే" అనును. అభ్యర్థి మొదటిసారి మెప్పు పొందిన సమాధానములనే మరల వల్లెవేసికొని, ఇస్త్రీ చొక్కా తొడిగికొని బయలుదేరును. మేనేజరు పదవికి చదువు, అనుభవము చాలినంత ఉన్నవారు సైతము రెండవ మెట్టుపై జారుటకు కారణము తరచు ఇదియే.

ఈ రెండు సమావేశములకును ఉద్దేశము వేరు. మొదటిది జాతకము చూచుట వంటిది. రెండవది ఇల్లు చూడవచ్చుట వంటిది. మొదటిసారి సిబ్బంది శాఖవారు మాట్లాడుదురు. నేడది పెక్కుచోట్ల టెలిఫోనుపైననో, వీడియో తెరపైననో ముగియుచున్నది. ఈ మనిషి చదువేమి, ఎన్నేండ్లు పనిచేసినాడు, ఎంత జీతము కోరుచున్నాడు అనునవి వారికి తెలియవలసిన సంగతులు. రెండవసారి ఎదుట కూర్చుండువారు మీ పైయధికారి కానున్నవారు, మీతో నిత్యము వ్యవహరింపవలసిన ఇతర శాఖల పెద్దలు, కొన్నిచోట్ల డైరెక్టరు. వారి మనస్సులోని ప్రశ్న ఒక్కటే: ఈ చోటును, ఈ మనుష్యులను ఇతనికి అప్పగించినచో రేపు ఏమి జరుగును?

ఆ ప్రశ్నకు నేనొకప్పుడు చెప్పిన సమాధానమును శ్రోతలకు విన్నవింతును. 1986వ సంవత్సరమున నేనొక నూలుమిల్లులో వడుకు విభాగమునకు బాధ్యుడనుగా ఉంటిని. వేరొక మిల్లులో అసిస్టెంటు మేనేజరు పదవికి దరఖాస్తు పెట్టితిని. మొదటి ఇంటర్వ్యూలో రింగు ఫ్రేములను గూర్చియు, నూలు నంబర్లను గూర్చియు అడిగినదెల్ల చెప్పితిని. రెండవసారి ముగ్గురు పెద్దలు కూర్చుండిరి. "మీకు ఎదురైన ఒక చిక్కును చెప్పుడు" అనిరి. మే నెలలో ఒక రాత్రి షిఫ్టులో నూలు అదేపనిగా తెగి ఉత్పత్తి పడిపోయిన సంగతి చెప్పితిని. "కూలీలు సరిగా రాలేదు. అయినను మేము పరిస్థితిని చక్కదిద్దుకొంటిమి" అని ముగించితిని.

అంతవరకు మౌనముగా నున్న ఒక పెద్దమనిషి ప్రశ్నించుట మొదలిడెను. "గదిలో తేమ ఎంత ఉన్నది?" తక్కువగా ఉన్నదంటిని. వేసవిలో గాలి పొడిబారినచో నూలు తెగుననుట మిల్లులో పనిచేయువారందరు ఎరిగినదే. "తేమనిచ్చు యంత్రమునకేమైనది?" దాని గొట్టములు పూడుకొనిపోయినవంటిని. "మెకానిక్కును ఎప్పుడు పిలిచిరి?" తెల్లవారిన తరువాత. "ఆ రాత్రి మీరెక్కడ ఉన్నారు?" నేను ఇంటిలో నిద్రించుచుంటిని. నన్నడుగక మెకానిక్కును పిలువరాదని కట్టడి చేసినవాడను నేనే. ఆ ముక్క నోట రాలేదు. మరల కూలీల రాకపోకలను గూర్చియే మాట్లాడితిని. ఉద్యోగము రాలేదు. చాలకాలము ఆ పెద్దమనిషిపై కోపముండెను. తరువాత నేనే అటువైపు కుర్చీలో కూర్చుండవలసి వచ్చినప్పుడు ఆయన ఏమి వెదకినాడో తెలిసినది. యంత్రము చెడుట అందరికిని జరుగును. చెడినప్పుడు తన కట్టడిలోని లోపమును తాను చూడగలవాడా, కాడా అని ఆయన పరీక్షించినాడు.

ఇట్టి ప్రశ్నల వెనుక ఒక శాస్త్రము కలదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా వైమానికదళములో పనిచేసిన ఫ్లానగన్ అను మనస్తత్వవేత్త, మనిషి "నేనిట్టివాడను" అని చెప్పుకొను మాటలకంటె క్లిష్టసమయములలో అతడు నిజముగా చేసిన పనులను సేకరించి చూచుట మేలని, ఆ పద్ధతిని 1954లో ప్రకటించెను. 1980 తరువాత ఇంటర్వ్యూలలో "ఇట్లు జరిగినచో ఏమి చేయుదురు?", "ఇట్లు జరిగినప్పుడు ఏమి చేసితిరి?" అను ప్రశ్నలను ముందుగా నిర్ణయించుకొని, అభ్యర్థులందరిని అవే అడిగి, మార్కులు వేయు పద్ధతి బలపడినది. ఇంటర్వ్యూలో తేలినదానికిని, పిదప ఉద్యోగములో కనబడిన పనితనమునకును గల సంబంధమును 0 నుండి 1 వరకు గల కొలమానముపై లెక్కించుట పరిశోధకుల ఆనవాయితీ. ష్మిట్, హంటర్ అనువారు 85 సంవత్సరముల పరిశోధనలను క్రోడీకరించి 1998లో ఇట్టి క్రమబద్ధమైన ఇంటర్వ్యూకు 0.51, ఇష్టాగోష్ఠివంటి ఇంటర్వ్యూకు 0.38 అని చూపిరి. 2022లో సాకెట్, ఆయన సహచరులు ఆ లెక్కలను సవరించి మొదటిదానికి 0.42, రెండవదానికి 0.19 అని తేల్చిరి. అంకెలు తగ్గినవి గాని, క్రమబద్ధమైన ఇంటర్వ్యూయే మేలనుట నిలిచినది. అయినను అది మనిషిని పూర్తిగా తూచగల త్రాసు కాదు. కావున ఒకచోట కాదనిపించుకొనినవారు తమ్ము తాము తక్కువచేసికొన నవసరము లేదు.

ఇక సిద్ధమగుట ఎట్లు? ఒక నోటుపుస్తకము తీసికొని, మీ ఉద్యోగజీవితములోని ఆరు సంఘటనలను వ్రాసికొనుడు. క్రిందివానిని సరిదిద్దినది ఒకటి. పైయధికారితో భేదాభిప్రాయము కలిగినది ఒకటి. ఖర్చు తగ్గించినది ఒకటి. తగిన సమాచారము లేకయే నిర్ణయింపవలసి వచ్చినది ఒకటి. ఇద్దరి నడుమ తగవు తీర్చినది ఒకటి. మీరు విఫలులైనది ఒకటి. ప్రతిదాని క్రింద నాలుగు మాటలుండవలెను: అప్పటి స్థితి ఏమి, అందులో నా బాధ్యత ఎంత, నేను చేసినదేమి, ఫలితమేమి. ఫలితమునకు అంకె దొరకినచో అంకెనే వ్రాయవలెను. కంఠస్థము చేయరాదు. జ్ఞాపకమున్న సంగతిని ఏ మూలనుండి అడిగినను చెప్పవచ్చును. కంఠపాఠమును నడుమ ఆపినచో మొదటినుండి మొదలిడవలసి వచ్చును.

ఇక్కడ మనవారికి ఒక చిక్కు కలదు. "నేను చేసితిని" అనుట గొప్పలు చెప్పుకొనుటయని భావించి "మేము" అందుము. ఆ వినయము మంచిదే. కాని వినువారికి మీ పాలు ఎంతయో తెలియదు. "ఆలోచన ఫిట్టరుది, పైవారిని ఒప్పించి రెండు రోజులు యంత్రమును ఆపించినవాడను నేను" అని చెప్పినచో ఫిట్టరుకును న్యాయము జరుగును, మీకును జరుగును.

వైఫల్యమును గూర్చి అడిగినప్పుడు "అతిగా శ్రమించుటయే నా లోపము" వంటి పలుకులు పనికిరావు. వినువారు అట్టివి చాల విని యుందురు. నిజమైన పొరపాటును చెప్పి, దానివలన మీ పద్ధతిలో ఏమి మార్చుకొంటిరో చెప్పవలెను. మార్పు లేని ఒప్పుకోలు సగము సమాధానమే. ప్రస్తుత యజమాని రహస్యములను, ధరలను మాత్రము బయట పెట్టరాదు. నేడు అక్కడివి ఇక్కడ చెప్పినవాడు రేపు ఇక్కడివి మరెక్కడనో చెప్పును.

పిమ్మట కంపెనీని చదువవలెను. స్టాక్ ఎక్స్‌ఛేంజిలో నమోదైన కంపెనీల వార్షిక నివేదికలను ఇంటర్నెట్టులో ఎవరైనను చూడవచ్చును. అట్టి నివేదికలో రెండు సంవత్సరముల అంకెలు ప్రక్కప్రక్కనే ఉండును. ఉదాహరణకు, అమ్మకములు 100 కోట్ల రూపాయలనుండి 110 కోట్లకు పెరిగినవనుకొందము. అదే కాలమున ఖాతాదారులు చెల్లింపవలసిన బాకీలు 20 కోట్లనుండి 30 కోట్లకు పెరిగినవి. అనగా మునుపు 73 రోజుల అమ్మకమంత సొమ్ము బయట ఉండగా, ఇప్పుడు దాదాపు 100 రోజుల సొమ్ము ఉన్నది. సరుకు పోవుచున్నది గాని డబ్బు తిరిగి వచ్చుట లేదన్నమాట. అమ్మకముల మేనేజరు పదవికి పోవువాడు ఈ సంగతి గమనించి, "ఇది క్రొత్త ఖాతాదారులవలన కలిగినదా, పాతవారు ఆలస్యము చేయుచున్నారా?" అని మర్యాదగా అడిగినచో, అరగంట ఆత్మస్తుతికంటె అది మేలు. బయటినుండి చూచినవాడు తీర్పు చెప్పరాదు, ప్రశ్న అడుగవచ్చును.

అడుగవలసిన ప్రశ్నలు మరికొన్ని గలవు. ఈ స్థానము ఎందువలన ఖాళీ అయినది? మొదటి ఆరు నెలలలో ఏమి జరిగినచో మీరు సంతోషింతురు? నా క్రింద ఎందరుందురు? ఎంతవరకు ఖర్చును నేను స్వయముగా మంజూరు చేయవచ్చును? ఈ కడపటి ప్రశ్నను చాలమంది మరచిపోదురు. బాధ్యత ఇచ్చి అధికారము ఇయ్యని కుర్చీ ముళ్ళకుర్చీ. జీతము మాట వారే ఎత్తినప్పుడు మీ కోరికను స్పష్టముగా చెప్పుడు. ఇప్పటి ఉద్యోగమును విడుచుటకు ఎన్నాళ్ళ ముందు నోటీసు ఇయ్యవలెనో నియామకపత్రములో ముందే చూచుకొని పొండు.

మొదటి ఇంటర్వ్యూలో ఏమి చెప్పితిరో ఆ సాయంత్రమే వ్రాసి పెట్టుకొనుట మంచిది. రెండవసారి కూర్చుండువారి చేతిలో ఆ వివరము ఉండవచ్చును. ఫ్యాక్టరీని చూపింతుమన్నచో తప్పక చూడుడు. నడవాలు శుభ్రముగా ఉన్నవా, మేనేజరు వచ్చినప్పుడు పనివారు మాట్లాడుదురా, మాటలాపుదురా అనునవి ఏ నివేదికలోను దొరకవు.

ఇంటివారు చేయగల సహాయము కూడ ఒకటి కలదు. మిఠాయిలు పంచుట నాలుగు రోజులు ఆపి, ముందునాటి సాయంకాలము అభ్యర్థిని ఎదుట కూర్చుండబెట్టుకొని అతని సంఘటనలను చెప్పించుకొనుడు. "అప్పుడు నువ్వేం చేశావు? తరవాత ఏమైంది?" అని మాత్రము అడుగుచుండుడు. వ్యాపారము తెలియని తల్లికి అర్థమగునట్లు చెప్పగలిగినచో డైరెక్టరుకు తప్పక అర్థమగును.

కొన్నేండ్ల క్రిందట స్టోర్సు మేనేజరు పదవికి రెండవ ఇంటర్వ్యూ చేయుచు ఒక యువతిని ఆమె పొరపాటును గూర్చి అడిగితిని. "నిలవ లెక్కలు చూడకయే సంతకము చేసితినండి. ఏడాది చివర లెక్క తప్పినది" అనెను. "పిదప?" అంటిని. "ఇప్పుడు ప్రతి శనివారము పది వస్తువులను నాకు నేనే ఏరుకొని, నా చేతులతో ఎన్నుచున్నాను. ఏవి ఎన్నెదనో ముందుగా ఎవరికిని చెప్పను" అనెను. మేము ఆమెనే ఎన్నుకొంటిమి. ఇంటికి పోవుచు దారిపొడుగున నా నూలుమిల్లును, ఆ మే నెల రాత్రిని తలచుకొంటిని.