పాఠం ఇంట్లో.. మాటలు క్లాసులో!

ఐసెలిన్‌లో మా తెలుగు తరగతి ఆదివారం పదింటికి మొదలై పన్నెండింటికి ముగుస్తుంది. వారం మొత్తానికి ఉన్నది ఆ రెండు గంటలే. నాలుగేళ్లుగా అక్కడ వలంటీరుగా పాఠాలు చెబుతున్నాను. మొదటి మూడేళ్లూ గంటన్నర బోర్డు మీద గుణింతాలు, ఒత్తులు రాయించడానికే సరిపోయేది. పిల్లలు ముత్యాల్లా రాసేవారు. బయటికి రాగానే మళ్లీ ఇంగ్లిషే!

నిరుడు మా అమ్మాయి స్కూల్లో లెక్కల టీచర్ పాఠాన్ని వీడియోగా ఇంటికి పంపి, లెక్కలు క్లాసులో చేయించారు. దీన్నే ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్ అంటున్నారు. 2007లో కొలరాడోలోని వుడ్‌ల్యాండ్ పార్క్ హైస్కూల్లో జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే కెమిస్ట్రీ టీచర్లు క్లాసుకు రాలేకపోయిన పిల్లల కోసం పాఠాలు రికార్డు చేయడంతో ఈ పద్ధతికి పేరొచ్చింది. మనమూ చేద్దామనిపించింది.

ఒత్తుల మీద ఏడు నిమిషాల వీడియో ఫోన్‌లోనే తీశాను. నిమ్మ, కొబ్బరి, గుమ్మడి, పళ్లు.. ఇలా ఇరవై మాటలు. ఆదివారం క్లాసును కూరగాయల కొట్టు చేసేశాం. పేరు, ధర రాసిన అట్టముక్కలే సరుకు. చదవగలిగితేనే కొనాలి, బేరం తెలుగులోనే ఆడాలి. "గుమ్మడికాయ ఆరు డాలర్లా? అమ్మో, తగ్గించు!" అని ఎనిమిదేళ్ల పిల్ల గదమాయిస్తుంటే ముచ్చటేసింది.

అయితే పదకొండు మందిలో వీడియో చూసొచ్చింది ఐదుగురే. తల్లిదండ్రులు శ్రద్ధ పెట్టాలంటూ వాట్సాప్ గ్రూపులో కాస్త ఘాటుగానే మెసేజ్ పెట్టాను. మర్నాటి ఆదివారం ఓ బాబు నెమ్మదిగా, "ఫోన్ నాన్న దగ్గరే ఉంటుంది అంకుల్. నేను పడుకున్నాక వస్తారు" అన్నాడు. వాళ్ల అమ్మానాన్నలిద్దరూ దుకాణంలో పనిచేస్తారు. ఆ మెసేజ్ గుర్తొచ్చి సిగ్గేసింది. మన సాఫ్ట్‌వేర్ ఇళ్లలో గదికో స్క్రీన్ ఉంటుంది కదా, అందరికీ అంతే అనుకున్నాను. ఇప్పుడు క్లాసులో ఓ మూల పాత ట్యాబ్ పెట్టాం. చూడని వాళ్లు మొదటి పావుగంట అక్కడ చూసి కొట్లోకి వస్తారు. అందుకని వీడియో పది నిమిషాలు దాటనివ్వను.

"మా చేత చదివించి మీరు ఆటలాడిస్తారా?" అని ఒకరిద్దరు అడిగారు. నిజమే, ఇంట్లో పెద్దవాళ్లకు పని పెరుగుతుంది. కానీ అక్షరాలు వీడియో నేర్పగలదు, ఎదురు బేరం ఆడలేదు. బేరానికి తోటి పిల్లలే కావాలి.

మరో సంగతి. ఇండియా నుంచి వచ్చిన ఓ బామ్మగారు నా వీడియో చూసి, "పళ్లు అనమంటే పల్లు అంటావేం నాయనా?" అని పట్టేశారు. ఆ పాఠం మళ్లీ ఆవిడ గొంతుతోనే రికార్డు చేశాం. ఆమె తిరిగి వెళ్లేలోపు మరో ఆరు పాఠాలు పూర్తయ్యాయి.

మొన్న ఆదివారం ఆ బాబు అందరికంటే ముందొచ్చాడు. ఖమ్మంలో ఉన్న తాతయ్యకు ఫోన్‌లో నిమ్మకాయలు అమ్మాడట. "డజను రెండు డాలర్లన్నాను అంకుల్. తాతయ్య చాలా బేరమాడాడు!"