ఒడ్డున పడ్డ ప్రాణానికి ఎవరు దిక్కు?

2021 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడి తీరానికి ఒక వేల్ షార్క్ కొట్టుకొచ్చింది. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద చేప అదే. కొన ఊపిరితో ఉంది. కబురందుకున్న అటవీశాఖ సిబ్బంది, వన్యప్రాణి కార్యకర్తలు, ఆ ఊరి మత్స్యకారులు కలిసి దాన్ని మెల్లగా లోతు నీళ్లలోకి మళ్లించారు. అది ఈదుకుంటూ వెళ్లిపోయింది.

ఒడ్డున పడ్డ ప్రాణులన్నిటికీ ఇంత అదృష్టం ఉండదు. చలికాలం వచ్చిందంటే మన తీరంలో ఇసుక మీద ఆలివ్ రిడ్లీ తాబేళ్ల కళేబరాలు ఏటా కనిపిస్తూనే ఉంటాయి. గుడ్లు పెట్టడానికి వచ్చిన తల్లులు అవి. వాటిలో కొన్నిటిని బతికించవచ్చు. అందుకు కావలసింది పనివాడితనం. జాలి ఒక్కటే సరిపోదు.

మన కర్నూలు జిల్లా ఆస్పరికి సముద్రం దాదాపు మూడొందల కిలోమీటర్ల దూరం. ఆదోని, ఎమ్మిగనూరు పాఠకులకు ఈ సంగతి ఎందుకంటే, మన వానల నీరు తుంగభద్రలో పడుతుంది, తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది, కృష్ణ హంసలదీవి దగ్గర సముద్రాన్ని చేరుతుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే ఇసుక దిబ్బలు ఆ ముఖద్వారం చుట్టుపక్కలా ఉన్నాయి. మన వంకలో పడేసిన ప్లాస్టిక్ సంచి వరదనీటితో అక్కడిదాకా పోగలదు. ఇంకో కారణం కూడా ఉంది, అది తర్వాత చెబుతాను.

చచ్చినట్టు కనిపించే తాబేలు

సముద్ర తాబేలు నీళ్లలోనే బతికినా ఊపిరి మాత్రం గాలిలోనే పీలుస్తుంది. ట్రాలర్ వల ఒక్కోసారి గంటల తరబడి నీటి అడుగున సాగుతుంది. అందులో చిక్కిన తాబేలు పైకి రాలేదు. పెనుగులాడి, ఊపిరాడక స్పృహ తప్పుతుంది. వల పైకి లాగేసరికి కదలదు, మెదలదు, కళ్లు ముట్టుకున్నా స్పందన ఉండదు. చచ్చిందనుకుని తిరిగి నీళ్లలోకి విసిరేస్తారు. స్పృహ లేని తాబేలు మునిగిపోతుంది. అసలు చావు అప్పుడు వస్తుంది.

మత్స్యకారులకు శిక్షణ ఇస్తే మొదట నేర్పాల్సింది ఇలాంటి తాబేలును బతికించే పద్ధతి. తాబేలును వెల్లకిలా తిప్పకూడదు. బోర్లా పడుకోబెట్టి, వెనక భాగం కింద ఏదైనా పెట్టి కనీసం అర అడుగు ఎత్తు లేపాలి. ఊపిరితిత్తుల్లో చేరిన నీరు కారిపోవాలంటే అదే దారి. నీడలో ఉంచి, తడిగుడ్డ కప్పాలి, కాని ముక్కు మూయకూడదు. నీళ్ల తొట్టెలో వేయకూడదు. నాలుగు గంటల నుంచి ఇరవై నాలుగు గంటల దాకా ఓపిక పట్టాలి. మధ్యమధ్యలో కంటి దగ్గర, తోక దగ్గర మెల్లగా తాకి చూస్తుండాలి. కదలిక బాగా వచ్చాక, ఇంజను గేరు తీసి, వలలు లేని చోట, పడవ వెనక నుంచి నీళ్లలోకి జారవిడవాలి. దీనికి మందు అక్కర్లేదు, యంత్రం అక్కర్లేదు. తెలిసిన మనిషి ఒక్కడు పడవలో ఉంటే చాలు.

వలలో చిక్కకుండానే తాబేలు తప్పించుకునే ఏర్పాటు కూడా ఉంది. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసిన పరికరాన్ని ట్రాలు వలకు బిగిస్తే చేప లోపల ఉంటుంది, తాబేలు పై కంత గుండా బయటపడుతుంది. కొంత చేప కూడా పోతుందని మత్స్యకారుల భయం. అది వాళ్ల పొట్టకూటి లెక్క, తేలిగ్గా తీసిపారేయకూడదు. గుజరాత్‌లో ఏం చేశారో చూడండి. వేల్ షార్క్‌ను 2001లో చట్టం రక్షణలోకి తెచ్చాక, 2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా అక్కడ పెద్ద ప్రచారం మొదలుపెట్టింది. షార్క్‌ను వదలడానికి వల కోసుకున్న మత్స్యకారుడికి అటవీశాఖ పరిహారం ఇస్తుంది. వందల షార్కులు అలా బయటపడ్డాయి. నష్టం పూడ్చితే మత్స్యకారుణ్ణి మించిన కాపరి ఉండడు.

డాల్ఫిన్, తిమింగలాల సంగతి ఇంకా కష్టం. నీళ్లు మోసే ఒళ్లు ఇసుక మీదికి వచ్చేసరికి దాని బరువే దాన్ని నలిపేస్తుంది. కొవ్వు పొర మందం కాబట్టి ఎండలో ఒళ్లు కాగిపోతుంది. జనం తోక పట్టి లాగుతారు, తలపైన ఊపిరి రంధ్రంలో నీళ్లు పోస్తారు. రెండూ ప్రాణాంతకమే. రెక్కల కింద ఇసుక తవ్వి ఒత్తిడి తగ్గించడం, తడిగుడ్డ కప్పడం, నీడ పట్టడం, జనాన్ని దూరంగా ఉంచడం, పశువైద్యుణ్ణి వెంటనే పిలవడం: ఇవన్నీ జరగాలి. తొందరపడి నీళ్లలోకి నెడితే మంచే జరుగుతుందన్న నమ్మకం లేదు. 2016 జనవరిలో తమిళనాడులోని మనపాడు పరిసరాల్లో 80కి పైగా పైలట్ తిమింగలాలు ఒడ్డెక్కాయి. మత్స్యకారులు రాత్రంతా నెట్టారు. నెట్టినవి కొన్ని మళ్లీ ఒడ్డుకే వచ్చాయి. ఎన్నో చనిపోయాయి.

జింకకూ డాల్ఫిన్‌కూ ఒకటే జబ్బు

ఇందాక చెబుతానన్న కారణం ఇది. ఆస్పరి, ఆలూరు నల్లరేగడి చేలల్లో కృష్ణజింకల మందలు తిరగడం, పంటను మేసిపోవడం మన రైతులకు తెలుసు. బావిలో పడిన జింకనో, కంచెలో చిక్కిన జింకనో నలుగురు చేరి పట్టుకుంటారు. అరుపులు, ఫొటోలు, నీళ్లు పట్టించడం. గాయం ఏమీ కనిపించదు. అయినా కొన్ని గంటల్లోనో, రెండు మూడు రోజుల్లోనో చచ్చిపోతుంది. విపరీతమైన భయం, పెనుగులాట వల్ల కండరాలు చితికి, ఆ విషం రక్తంలో కలిసి గుండెను, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. ఒడ్డున పడిన డాల్ఫిన్‌ను చంపేవాటిలో ఇదీ ఒకటి. అందుకే పాఠం కూడా ఒకటే: జింక కళ్లకు గుడ్డ కట్టండి, మాటలు ఆపండి, ఇద్దరు ముగ్గురే ఉండండి, అటవీశాఖను పిలవండి. కృష్ణజింక, ఆలివ్ రిడ్లీ రెండూ వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులోనే ఉన్నాయి. మంచి మనసుతోనైనా ఇంట్లో ఉంచుకోవడం నేరమవుతుంది.

నేర్పేవాళ్లు లేకపోలేదు. కాలిఫోర్నియాలోని మెరైన్ మామల్ సెంటర్ 1975 నుంచి ఒడ్డున పడ్డ సముద్ర క్షీరదాలకు చికిత్స చేస్తూ, వేరే దేశాల పశువైద్యులకూ శిక్షణ ఇస్తోంది. మహారాష్ట్రలోని డహాణు లాంటి చిన్న ఊళ్లో దెబ్బతిన్న తాబేళ్లకు చికిత్సా కేంద్రం ఉంది. చెన్నైలో సుప్రజా ధారిణి స్థాపించిన ట్రీ ఫౌండేషన్ మత్స్యకార యువకులనే తాబేళ్ల రక్షకులుగా తీర్చిదిద్దింది, మన తీరంలోనూ పనిచేస్తోంది. ఒడ్డుకొచ్చే సముద్ర ప్రాణుల విషయంలో ఏం చేయాలో కేంద్ర పర్యావరణ శాఖ 2021 జనవరిలో మార్గదర్శకాలు విడుదల చేసింది. కాగితం మీదున్నది రేవు దాకా చేరాలి.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో వేట నిషేధం. మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. శిక్షణకు అంతకన్నా మంచి సమయం లేదు. ప్రభుత్వం ఆ రోజుల్లో ప్రతి రేవులో తాబేలును బతికించే పద్ధతి నేర్పాలి, నేర్చుకోవడానికి వచ్చిన మత్స్యకారుడికి రోజు కూలీ ఇవ్వాలి. గన్నవరం, గరివిడి పశువైద్య కళాశాలల విద్యార్థులను ఆ రేవులకు పంపాలి. కోసిన వలకు పరిహారం రాసిపెట్టాలి. ఈ మాట శాసనసభలో అడగమని తీరప్రాంత ఎమ్మెల్యేలనే కాదు, ఆలూరు, ఆదోని, ఎమ్మిగనూరు ఎమ్మెల్యేలను కూడా మనం అడగాలి.