రెండు స్తంభాల మధ్య

రావులపాలెం దాటి కోనసీమలో ఏ కాలువగట్టు రోడ్డు మీదైనా రాత్రి ఎనిమిదింటికి నడిచి చూడండి. స్తంభం కింద పేపరు చదువుకోవచ్చు. పది అడుగులు వేసేసరికి కొబ్బరి మట్టలు లైటును కమ్మేస్తాయి. సరిగ్గా ఆ నల్లటి పట్టీలోనే ఎవరో ఒలిచి పోసిన కొబ్బరి డొక్కల కుప్ప కాలికి తగులుతుంది. లైటు వెలుగుతూనే ఉంది, మరెందుకు కనబడలేదు?

కంట్లో పగటికీ రంగులకీ శంకు కణాలు, మసక వెలుతురుకి దండ కణాలు పనిచేస్తాయి. దండ కణాలు చీకటికి పూర్తిగా అలవాటు పడాలంటే 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. మంచి వెలుగు తగిలితే ఆ అలవాటు ఇట్టే పోతుంది. స్తంభం కింది నుంచి చీకట్లోకి, మళ్లీ వెలుగులోకి నడిచేవాడి కన్ను ఇక ఎక్కడ కుదురుకుంటుంది? నిండు పున్నమి వెన్నెల పావు లక్స్ (వెలుతురు కొలిచే ప్రమాణం) ఉంటే గొప్ప. అయినా వరిచేల మధ్య గట్టు మీద (తోపులో కాదు సుమా) దర్జాగా నడిచేస్తాం. ఆ కాస్త వెలుతురూ అంతటా ఒకేలా పరుచుకుని ఉంటుంది గనక.

పెద్దవాళ్లకి ఇబ్బంది ఇంకా ఎక్కువ. ఇరవై ఏళ్ల కుర్రాడి కంటి లోపలికి చేరే వెలుతురులో అరవై ఏళ్లకి సుమారు మూడో వంతే చేరుతుంది. దానికి తోడు ఎదురుగా బండి హైబీమ్ వేసుకొస్తే ఆ కాంతి కంట్లోనే చెదిరి తెర కట్టేస్తుంది.

ఇంగ్లండులోని షెఫీల్డ్ విశ్వవిద్యాలయంలో స్టీవ్ ఫోటియోస్ బృందం, నడిచేవాళ్ల చూపు ఎటు పోతోందో కంటికి పరికరం తగిలించి గమనించింది. ముఖ్యమైన చూపులు రెండింటి మీదే: ముందున్న దారి, ఎదురొచ్చే మనిషి. దారిలో గతుకు పట్టడానికి ఒక లక్స్ అటూఇటూగా సరిపోతుందట. మనిషి ముఖం పోల్చుకోవాలంటే అది చాలదు. రంగుల మాటకొస్తే, పాత పసుపు సోడియం దీపాల కంటే తెల్ల ఎల్ఈడీలే నయం. కానీ మట్టల పైన బిగిస్తే ఏ దీపమైనా ఒకటే.

మా మావయ్య ఇప్పటికీ బ్యాటరీ లైటు లేకుండా గడప దాటడు. "వీధిలైటుందిగా మావయ్యా" అంటే, "అది కొబ్బరాకులకి వేశార్రా" అంటాడు. తన బ్యాటరీ లైటు మోకాలి దగ్గర పట్టుకుని నేలబారుగా వేస్తాడు. నెత్తిమీది లైటుకి రాయి నీడ రాయి కిందే దాక్కుంటుంది. పక్కనుంచి పడితే చిన్న కంకరరాయికీ జానెడు నీడ సాగుతుంది.