గద్దె దించే మాటలు: అపోహలు – వాస్తవాలు

ఓవర్‌త్రో, డిపోజ్, ఔస్ట్, డిస్మిస్, ఇంపీచ్... ఈ ఇంగ్లీషు మాటలన్నిటికీ 'గద్దె దించడం' అని ఒకే అర్థం రాసుకుని, ఏది వాడినా చెల్లుతుందనుకోవడం పోటీ పరీక్షలకు చదివేవాళ్లలో పాతుకుపోయిన అపోహ. ఎవరు దించారు, ఏ అధికారంతో దించారు అన్నది ఒక్కో మాట ఒక్కో తీరుగా చెబుతుంది. రుజువులకు లండన్ దాకా పోనక్కర్లేదు, ఓరుగల్లు కోట చాలు. 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫర్ ముట్టడికి కాకతీయ రాజు ప్రతాపరుద్రుడు తలవంచి కప్పం కట్టాడు, సింహాసనం మాత్రం పోలేదు. అది డిఫీట్. 1323లో ఢిల్లీ సేనతో వచ్చిన ఉలుగ్ ఖాన్ కోటను పట్టుకుని రాజును బందీగా ఢిల్లీకి పంపాడు. డిపోజ్ అనాల్సింది దీన్ని. ప్రతాపరుద్రుడు ఓరుగల్లు యుద్ధంలోనే చనిపోయాడనుకోవడమూ పొరపాటే. దారిలో నర్మద ఒడ్డున కన్నుమూశాడని విలస తామ్రశాసనం చెబుతోంది. కొన్నేళ్లకు ముసునూరి కాపయ నాయకుడు సుల్తాను ప్రతినిధిని ఓరుగల్లు నుంచి వెళ్లగొట్టాడు. ప్రతినిధికి సింహాసనం లేదు కనుక అక్కడ డిథ్రోన్ కుదరదు, ఔస్ట్ కుదురుతుంది.

కుర్చీ పోయాక ఏ మాటైతే ఏమిటని అడిగేవారికి ఎన్టీఆర్ చరిత్రే జవాబు. 1984 ఆగస్టులో గవర్నర్ రాంలాల్ ఆయన్ను బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావుతో ప్రమాణం చేయించారు. అది డిస్మిస్. చాలామంది అనుకున్నట్టు రాష్ట్రపతి పాలన కాదు. ఉత్తర్వు గనుకే, సభలో బలం తేల్చకుండా ఎలా ఇచ్చారని జనం నిలదీయగలిగారు. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి. 1995లో సొంత ఎమ్మెల్యేల్లో ఎక్కువమంది చంద్రబాబు వైపు వెళ్లడంతో ఆయన రాజీనామా చేయాల్సి వచ్చింది. కాగితం మీద అది రాజీనామా, జరిగింది ఔస్ట్. అలా అనడం పక్షపాతమని కొందరంటారు. కానీ బలం చేజారాకే రాజీనామా వచ్చింది. ఆ క్రమం రికార్డులో ఉన్నదే. దాన్ని డిస్మిస్ అని రాస్తే పార్టీ చేసిన పనిని గవర్నర్ మీదకు నెట్టినట్టవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ గందరగోళం ఇంపీచ్ దగ్గరే. అమెరికాలో అది అభియోగం మోపడమే. 1998లో ప్రతినిధుల సభ బిల్ క్లింటన్‌ను ఇంపీచ్ చేసింది, 1999లో సెనేట్ నిర్దోషి అంది, ఆయన పదవీకాలం పూర్తిచేశారు. మన రాజ్యాంగం 61వ అధికరణలో ఈ మాటను రాష్ట్రపతికే వాడింది. న్యాయమూర్తులకు 124లో ఉన్నది తొలగింపు. పత్రికలు దాన్నీ ఇంపీచ్‌మెంట్ అంటున్నాయి. వాడుక బలపడింది గనుక తప్పని కొట్టిపారేయలేం, పరీక్షలో మాత్రం రాజ్యాంగం మాటే రాయాలి. ముఖ్యమంత్రిని ఇంపీచ్ చేసే పద్ధతంటూ లేదు. అక్కడ సభ చేతిలో ఉన్నది అవిశ్వాస తీర్మానం.