మందు ఎక్కించే ముందు రక్తపరీక్ష

క్యాన్సర్‌కు కీమో మందు ఎక్కిస్తారు. త్వరత్వరగా పెరిగే కణాలను ఆ మందు చంపుతుంది. మన ఎముకల్లోని మూలుగలో రక్తకణాలు తయారవుతాయి. అవీ త్వరగా పెరిగేవే. వాటికీ దెబ్బ తగులుతుంది.

తెల్లకణాలు ఒంటికి కాపలాదారులు. ఆవగింజంత రక్తపు బొట్టులోనే వేలల్లో ఉంటాయి. మందు ఎక్కించిన 7 నుంచి 14 రోజుల మధ్య బాగా పడిపోతాయి. అప్పుడు జ్వరం 100.4 డిగ్రీలకు చేరితే, అర్ధరాత్రయినా ఆస్పత్రికి పోవాలి. బిళ్ళ వేసుకుని తెల్లారేదాకా చూద్దామనుకుంటే ప్రాణం మీదికొస్తుంది.

చాలామందికి మూడు నాలుగు వారాల్లో కణాలు మళ్ళీ పెరుగుతాయి. పెరిగాయో లేదో చూడటానికే ప్రతిసారీ రక్తం తీస్తారు. తక్కువుంటే డాక్టరు వారం ఆగమనవచ్చు. బస్సు ఛార్జీలు దండగ అనిపిస్తుంది, నిజమే. కానీ కాపలా లేనప్పుడు మళ్ళీ మందు ఎక్కిస్తే ముప్పు.

పరీక్ష కాగితాలు పారేయకండి. పాత లెక్క పక్కన కొత్త లెక్క పెట్టి చూడండి. అంకెలు మీకు వచ్చు కదా!