ఫ్యూజ్ కాపాడేది లైటుని కాదు, వైరుని

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పోయే రోడ్డు మీద పొద్దుగూకాక బండి నడిపినవాళ్లకి ఒక సంగతి బాగా తెలుసు. పత్తి సీజన్‌లో మార్కెట్ యార్డుకి లోడుతో పోయే ట్రాక్టర్లలో చాలావాటికి వెనక లైటు వెలగదు. ట్రాలీకి రేడియం స్టిక్కర్ ఉంటే మన అదృష్టం. మధ్యలో ఎద్దులబండి, గొర్రెల మంద. అందుకే మనవైపు కారు కొన్న కొన్నాళ్లకే బంపర్‌కి రెండు ఫాగ్ ల్యాంపులు పడతాయి. తర్వాత డాష్‌క్యామ్, ఫాస్ట్ ఛార్జర్, టైర్లలో గాలి పెట్టే చిన్న పంపు, పెద్ద హారన్, డిక్కీలో ఒక ఆంప్లిఫయర్.

ఇవన్నీ వద్దని నేను చెప్పను. రాత్రిపూట ఆ రోడ్డు మీద లైటు అవసరమే. కానీ వీటన్నిటికీ కరెంటు ఎక్కడ్నుంచి వస్తోంది?

మా పెద్దమ్మ కొడుకు ఎమ్మిగనూరులో టాక్సీ తిప్పుతాడు. ఎక్కువగా మంత్రాలయం ట్రిప్పులే. పిల్లలు, ముసలివాళ్లతో వచ్చే కుటుంబాలు. మొన్న వేసవిలో ఆయన కారు బానెట్ ఎత్తి చూశాను. బ్యాటరీ పాజిటివ్ టెర్మినల్ నట్టు కింద నాలుగు వైర్లు మెలితిప్పి బిగించి ఉన్నాయి. పైన చుట్టిన టేపు వేడికి జిగురు కారి జారిపోతోంది.

‘‘అన్నా, ఫ్యూజ్ ఏదీ?’’

‘‘మొదట్లో ఉండెరా. ఊరికే పోతావుందని షాపులో పీకేసి డైరెక్ట్ చేసినారు. అప్పట్నుంచి ఏం ప్రాబ్లమ్ లేదు.’’

మా ఆఫీసులో సర్వర్ అలర్ట్‌లన్నీ ఆపేస్తే కూడా అంతే. స్క్రీన్ మొత్తం పచ్చగా, ప్రశాంతంగా కనిపిస్తుంది!

నిజానికి ఈ అలవాటు మన ఇళ్లలోంచి వచ్చిందే. పాత ఇళ్లలో తెల్లటి పింగాణీ ఫ్యూజ్ ఉండేది, కిట్‌క్యాట్ అనేవాళ్లం. అది పోతే ఏదో వైరులోంచి నాలుగు రాగి పోగులు లాగి చుట్టేసేవాళ్లు. మళ్లీ పోతే ఎనిమిది పోగులు. ఇక జన్మలో పోదు. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు కాబట్టి పోగు లెక్క ఇక్కడ ఎవరికైనా తెలుసు. ఒక నూలుపోగు ఎంత బరువు లాగితే తెగుతుందో దానికి ఒక హద్దు ఉంటుంది. ఫ్యూజ్ అంటే అలా కావాలని బలహీనంగా పెట్టిన పోగు. మిగతా వైరు కాలకముందే అది తెగాలి, దాని ఉద్యోగమే అది.

చాలామంది ఫ్యూజ్ ఉన్నది లైటునో ఛార్జర్‌నో కాపాడటానికి అనుకుంటారు. కాదు, అది కాపాడేది వైరుని. ఒక లెక్క చూద్దాం. 1 స్క్వేర్ ఎంఎం రాగి వైరు బ్యాటరీ నుంచి డిక్కీ దాకా 5 మీటర్లు లాగామనుకోండి. దాని రెసిస్టెన్స్ సుమారు 0.09 ఓమ్. సీటు కింద ఆ వైరు తొడుగు రాపిడికి చిరిగి, రాగి బాడీ రేకుకి తగిలితే? 12 వోల్టులే కదా అని తీసెయ్యకండి. కారు బ్యాటరీ ఇంజన్ స్టార్ట్ చేయడానికి వందల ఆంప్‌లు ఇవ్వగలదు. ఆ వైరులో కరెంటు తేలిగ్గా 100 ఆంప్‌లు దాటుతుంది. అంటే సుమారు వెయ్యి వాట్లు, ఇస్త్రీపెట్టెంత వేడి, కార్పెట్ కింద కనపడకుండా. పీవీసీ తొడుగు కరిగి మంట అందుకోవడానికి ఎంతోసేపు పట్టదు. అదే బ్యాటరీ పక్కనే 10 ఆంప్ ఫ్యూజ్ ఉంటే, సెకనులో చిన్న వంతులో కథ అయిపోతుంది.

ఇక్కడే రెండో పొరపాటు జరుగుతుంది. కొందరు ఫ్యూజ్ పెడతారు, కానీ లైటు పక్కన! అప్పుడు బ్యాటరీకీ ఫ్యూజ్‌కీ మధ్య ఉన్న వైరుకి కాపలా లేనట్టే. ఫ్యూజ్ బ్యాటరీ పాజిటివ్‌కి జానెడు దూరంలోపే ఉండాలి.

దీనికి పద్ధతైన మందు యాక్సెసరీ ఫ్యూజ్ బ్లాక్. అరచేతిలో పట్టే ప్లాస్టిక్ డబ్బా. ఒకవైపు బ్యాటరీ నుంచి ఒక లావు వైరు వస్తుంది, ఇంకోవైపు ఆరు దారులు, ప్రతిదారికీ సొంత ఫ్యూజ్. ఆన్‌లైన్‌లో కొన్ని వందలకే దొరుకుతుంది. ఇంట్లో మెయిన్ నుంచి ఒక్కో గదికి ఒక్కో ఎంసీబీ ఉన్నట్టే.

అన్న కారుకి వేసిన లెక్క ఇదీ. బ్యాటరీ నుంచి 6 స్క్వేర్ ఎంఎం వైరు, మొదట్లోనే 30 ఆంప్ మెయిన్ ఫ్యూజ్. రెండు 55 వాట్ల ఫాగ్ ల్యాంపులు కలిపి 9 నుంచి 10 ఆంప్‌లు లాగుతాయి, వాటికి 2.5 స్క్వేర్ వైరు, 15 ఆంప్ నీలం ఫ్యూజ్. గాలి పంపుకి కూడా అంతే. డాష్‌క్యామ్‌కీ ఛార్జర్‌కీ సన్న వైరు చాలు, కానీ చెరో 5 ఆంప్ ఫ్యూజ్. ఆంప్లిఫయర్ ఈ పద్దులో పట్టదని పీకేశాం, అన్నకి ఇంకా కోపమే. ఫాగ్ ల్యాంపుల కరెంటు నేరుగా డాష్‌బోర్డు స్విచ్‌లోంచి పోనివ్వలేదు. మధ్యలో నాలుగు పిన్నుల రిలే పెట్టాం. స్విచ్ మోసేది 0.2 ఆంప్ లోపే, బరువంతా రిలేదే.

పని మొదలెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ విప్పాలి, చివర్లో బిగించాలి. ఇది మాత్రం మర్చిపోవద్దు. వైర్లు మెలితిప్పి టేపు చుట్టడం కాదు, లగ్గు పెట్టి క్రింప్ చేయించండి. ఇంజన్ వైపు నుంచి లోపలికి వచ్చే రేకు రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ ఉండాలి, లేకపోతే మన మట్టిరోడ్ల కుదుపులకి ఆ అంచే కత్తిలా కోస్తుంది. ఎర్త్ వైరు పెట్టేచోట పెయింట్ గీకి ఉత్త ఇనుముకి బిగించాలి. కొత్త కార్లలో బ్యాటరీ నెగటివ్ మీద చిన్న సెన్సర్ ఉంటుంది కాబట్టి ఎర్త్ బాడీకే ఇవ్వడం మంచిది. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే చెయ్యి వెనక్కి తీసుకోండి, అవి ఎయిర్‌బ్యాగువి.

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ కారు ఆదోనిలో వదిలొచ్చే నాలాంటివాళ్లకి ఇంకో మాట. పార్కింగ్ మోడ్‌లో ఉన్న డాష్‌క్యామ్ 0.3 ఆంప్ లాగితే రోజుకి 7 ఆంప్-అవర్లు పోతాయి. చిన్న కారు బ్యాటరీ 35. మూడురోజులకి సగానికి పైగా ఖాళీ, సోమవారం బండి స్టార్ట్ కాదు. కాబట్టి డాష్‌క్యామ్, ఛార్జర్ లాంటివి తాళం తిప్పితేనే వచ్చే లైనుకి ఇవ్వండి.

కంపెనీ వైరింగ్‌ని మాత్రం కోయకండి. కోస్తే వారంటీ విషయంలో సర్వీస్ సెంటర్‌తో వాదించే ఓపిక తెచ్చుకోవాలి. 55 వాట్ల చోట 100 వాట్ల బల్బు పెట్టడం ఇంకా ఘోరం. వైరు కాలడం ఒకటి, ఎదురొచ్చే బైకువాడి కళ్లు కాసేపు పనిచెయ్యకపోవడం ఇంకొకటి.

ఇదంతా మీరే చెయ్యాలని లేదు. ఆదోనిలో మంచి ఆటో ఎలక్ట్రీషియన్లు ఉన్నారు, పని వాళ్లకే ఇవ్వండి. కానీ పక్కన నిలబడి రెండు మాటలు అడగండి: ఫ్యూజ్ బ్యాటరీకి ఎంత దూరంలో పెడుతున్నారు, ఈ వైరు ఎంత స్క్వేర్?

బ్లాక్ మూత లోపల ఏ నంబరు దేనికో చిన్న కాగితం అతికించాం. పక్కనే రెండు స్పేర్ ఫ్యూజులు. పోయిన నెల అన్న ఫోన్ చేశాడు, ‘‘మూడో నంబరు పోయిందిరా’’ అని. కొత్తది పెట్టాడు, మళ్లీ పోయింది. ఈసారి ఇంకా పెద్దది పెట్టకుండా వైరు వెంట చెయ్యి పెట్టి వెతికాడు. పంపు వైరు ముందు సీటు పట్టా కింద నలిగి, రాగి బయటికి కనిపిస్తోందట.